రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చేతికి సోకే చర్మ ఇన్ఫెక్షన్: అమెరికా చరిత్ర

రొమ్ము క్యాన్సర్‌కు చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా ఆ వైపు చేతిలో లింఫ్ ద్రవం నిలిచిపోయి వాపు రావచ్చు. అలాంటి చేతికి చిన్న గీరుడో, పురుగుకాటో, గోరుచుట్టో చాలు. గంటల్లోనే చర్మం ఎర్రబడి, కాలిపోతూ, చలిజ్వరం ముంచుకొస్తుంది. ఇదే సెల్యులైటిస్. కారణం ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1894లో వివరించిన ఆపరేషన్‌లో రొమ్ముతోపాటు ఛాతీ కండరం, చంక గ్రంథులు కూడా పోయేవి. దశాబ్దాల పాటు అదే ప్రామాణిక చికిత్స. దాని వెంట వచ్చే చేతి వాపుపై 1921లో ఆయనే వ్యాసం రాసి, బోదకాలుకు వైద్యులు వాడే పేరునే దానికీ పెట్టారు. ఇన్ఫెక్షనే మూలమని అనుమానించారు. ఆ పోలిక సరైనదే. ఫైలేరియా బోదలోనూ దెబ్బతినేవి లింఫ్ దారులే, అక్కడా మాటిమాటికీ జ్వరంతో కాలు ఎర్రబడుతుంది. వాపు ఇన్ఫెక్షన్‌ను పిలుస్తుంది, ఇన్ఫెక్షన్ వాపును పెంచుతుందని నేటి వైద్యుల అవగాహన.

1942 మార్చిలో న్యూ హేవెన్‌లో స్ట్రెప్టోకాకస్ రక్తంలోకి పాకి చావుబతుకుల్లో ఉన్న ఒక మహిళను పెన్సిలిన్ బతికించింది. ఆమెది రొమ్ము క్యాన్సర్ కాదు. అయినా ఈ చేతి రోగులకూ ఆ మందే దిక్కయింది. కానీ మందు సూక్ష్మజీవిని చంపుతుందే తప్ప తెగిన దారిని అతకదు. అందుకే జబ్బు తిరగబెడుతుంది.

అసలు మార్పు కత్తి దగ్గర వచ్చింది. పిట్స్‌బర్గ్‌కు చెందిన బెర్నార్డ్ ఫిషర్ 1971లో మొదలుపెట్టిన పరీక్షలో, తక్కువ కోసినా ఆయుష్షు తగ్గదని తేలింది. 1990లలో సర్జన్లు డేవిడ్ క్రాగ్, అర్మాండో జూలియానో మొదట లింఫ్ చేరే ఒకటి రెండు గ్రంథులనే తీసి చూసే పద్ధతిని రొమ్ము క్యాన్సర్‌కు తెచ్చారు.

2016లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు 632 మంది రోగుల కొలతలు ప్రచురించారు. ఆ చేతికి రక్తం తీయడానికీ, బీపీ చూడడానికీ, విమాన ప్రయాణానికీ వాపుతో సంబంధం కనబడలేదు. సెల్యులైటిస్‌కు మాత్రం కనబడింది. ఇలాంటివి చేయొద్దంటూ ఏళ్ల తరబడి రోగులను భయపెట్టిన నిషేధాల కంటే, చర్మం ఎర్రబడిన రోజే డాక్టరును కలవడం ముఖ్యం.

వాపును అదుపులో ఉంచే బిగుతు తొడుగులకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ డబ్బు చెల్లించే చట్టం 2022 డిసెంబరులో వచ్చి, 2024 జనవరి 1 నుంచి అమలైంది.