చేతిని గుర్తుపట్టని తొడుగు

ఉత్త గాలిలో వేళ్లు కదిపితే గిటార్ మోగాలి. అమెరికాలో థామస్ జిమ్మర్‌మన్‌కు పట్టిన పిచ్చి అది. వేళ్ల వంపును పసిగట్టే తొడుగు తయారుచేసి 1982లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. తర్వాత జారన్ లానియర్‌తో కలిశాక, వీపీఎల్ సంస్థలో అదే డేటాగ్లవ్ అయింది. వేళ్ల వెంబడి ఆప్టికల్ ఫైబర్, ధర వేల డాలర్లు. నాసా పరిశోధకులు తొడుక్కున్న వస్తువు.

1989లో అది పవర్ గ్లవ్ పేరుతో పిల్లల చేతికొచ్చింది. నింటెండో ఆటల కోసం మాటెల్ అమ్మింది, వంద డాలర్ల లోపే. అంత చవగ్గా రావాలంటే ఎక్కడో కోత పడాలి కదా! ఫైబర్ పోయి, విద్యుత్తు పారే సిరా పూసిన పట్టీలు వచ్చాయి. ఒక్కో వేలికీ నాలుగంటే నాలుగే స్థితులు. చిటికెన వేలినైతే లెక్కలోకే తీసుకోలేదు. నా మనసు కలుక్కుమనేది అక్కడే.

చెయ్యి ఎక్కడుందో చెప్పే పని శబ్దానిది. తొడుగు మీది రెండు చిన్న స్పీకర్లు చెవికి వినపడని ధ్వని పంపుతాయి. టీవీ చుట్టూ తగిలించిన మూడు మైకులు అది చేరడానికి పట్టిన సమయాన్ని కొలుస్తాయి. లెక్క చక్కగానే ఉంది. కానీ ఇళ్లకు గోడలుంటాయి. ధ్వని వాటికి తగిలి వెనక్కొస్తుంది. మణికట్టు కాస్త పక్కకు తిరిగితే మైకులకు చెయ్యి కనుమరుగు. పిల్లవాడు టీవీకి ఎదురుగా చెయ్యి చాచి నిలబడతాడు. కుడికి జరిపితే బొమ్మ ఒకసారి కదులుతుంది, మరోసారి కదలదు. మధ్యస్థానం మళ్లీ సరిచూసుకుంటాడు. కాసేపటికి భుజం లాగేస్తుంది. తనకే ఆడటం రాలేదనుకుంటాడు పాపం.

అసలా ఆటలు బొటనవేలితో నొక్కే మీటల కోసం రాసినవి. చేతి కదలికను మీట నొక్కుడుగా మార్చడానికి, ముంజేతి మీది అంకెల పలకపై ఆటకో సంఖ్య కొట్టాలి. తొడుగు పేరు చెప్పుకుని వచ్చిన ఆటలు రెండే: బ్యాడ్ స్ట్రీట్ బ్రాలర్, సూపర్ గ్లవ్ బాల్. రెండోది 1990లో వచ్చేసరికి మోజు తీరిపోయింది. ఆ ఏడాదే తయారీ ఆగిపోయింది.

మూలన పడ్డ ఆ తొడుగుల్ని కొందరు తెచ్చి విప్పారు. తీగలు మార్చి ఇంటి కంప్యూటర్లకు కలిపి, వేళ్ల లెక్కల్ని నేరుగా చదివే ప్రోగ్రాములు రాసుకున్నారు. అప్పుడు తొడుగు తనకు తెలిసినదంతా చెప్పింది: బొటనవేలు ఇంత, చూపుడువేలు ఇంత, మధ్యవేలు, ఉంగరపువేలు. చిటికెన వేలి గురించి చెప్పడానికి దాని దగ్గర ఏమీ లేదు.