స్వాధీన బాంగ్లా రేడియో – శ్రోతల రాజకీయ భావములు

రేడియో ప్రసారము ప్రజల మనస్సును మార్చునా, లేక మారియున్న మనస్సునకు మాట నొసగునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు 1971 నాటి తూర్పు పాకిస్తాన్ తగిన తావు. అచ్చటి స్వాధీన బాంగ్లా బేతార్ కేంద్రము పాకిస్తాన్ ప్రభుత్వ దృష్టిలో వేర్పాటువాదుల గొంతు; బెంగాలీ శ్రోతల దృష్టిలో విముక్తివాణి. పరభాషా ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న మనకు ఈ చరిత్ర విశేషముగా పరిశీలింపదగినది.

ఆ శ్రోతల భావములు రేడియోతో పుట్టినవి కావు. ఉర్దూ ఒక్కటే రాజభాష కావలెనని 1948లో జిన్నా ఢాకాలో ప్రకటించెను. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ భాషకై నిలిచినవారు పోలీసు కాల్పులలో మరణించిరి. 1970 నాటి ఎన్నికలలో తూర్పు భాగమందలి 162 సాధారణ స్థానములలో 160 అవామీ లీగునకు దక్కినను అధికారము మాత్రము చేతికి రాలేదు. 1971 మార్చి 7న షేక్ ముజిబుర్ రహమాన్ చేసిన ప్రసంగమును ఢాకా రేడియో వినిపింపరాదని అధికారులు నిషేధింపగా ఉద్యోగులు పని మానివేసిరి. మరునాడు ఆ ప్రసంగము ప్రసారమయ్యెను.

మార్చి 25 రాత్రి సైన్యము ఢాకాపై విరుచుకుపడెను. మరునాడే కొందరు రేడియో ఉద్యోగులు చిట్టగాంగు సమీపమందలి కాలూర్‌ఘాట్ నుండి కొత్త కేంద్రమును ఆరంభించిరి. 27న మేజర్ జియావుర్ రహమాన్, ముజిబ్ పేరిట స్వాతంత్ర్య ప్రకటన చదివెను. 30న విమానములు ఆ కేంద్రముపై బాంబులు వేసినవి. మే 25 నుండి ప్రసారములు కలకత్తాలో సాగినవి.

ఈ ప్రసారములు చేసిన పని రెండు విధములు. బెంగాలీ సైనికులును ఎదురు తిరిగిరని మేజరు గొంతు వలన శ్రోతలకు తెలిసెను. తాము ఒంటరివారము కామను ధైర్యము కలిగెను. ఎం. ఆర్. అఖ్తర్ ముకుల్ తన 'చరమపత్ర'ములో ఢాకా వీథుల పలుకుబడితో శత్రుసైన్యమును గేలి చేసెను. 'జల్లాదేర్ దర్బార్' నాటికలో యాహ్యాఖాన్ నవ్వులపాలయ్యెను. నవ్వగలిగినవానికి భయము సగము తగ్గును. ఇట్లు రేడియో అభిప్రాయమును సృష్టింపక, ఉన్న అభిప్రాయమును ఆశగా మార్చినది.

ఐనను అదే గడ్డపై మరియొక జనము కలదు. 1947 తరువాత బీహారు మొదలగు ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన ఉర్దూ భాషీయులలో పలువురు పాకిస్తాన్ పక్షము వహించిరి. ఇరువైపుల హత్యలు జరిగినవి. విముక్తి పిమ్మట వారిలో వేలకొలది శిబిరములపాలైరి. 1971లో బాలురుగా నున్నవారికిని, తరువాత పుట్టినవారికిని పౌరసత్వము కలదని ఢాకా హైకోర్టు 2008లో తీర్పు చెప్పెను. ఈ దుఃఖమునకు రేడియోనే కారణమనుట న్యాయము కాదు. కాని బెంగాలీ వానిని కదిలించిన భాషాబంధము, ఉర్దూ వానికి తాను పరాయివాడనని తెలిపినదనుట నిజము.

ఇంటిభాషలో వచ్చు మాటకు బలమెక్కువ. అందుచేతనే మన పిల్లలకు తెలుగు ప్రసారములు వినిపింపవలెను. వానితోపాటు, ప్రసారకుడు 'మనము' అనినప్పుడు పొరుగువాడు అందులో నున్నాడా లేడా యని విచారించుటయు నేర్పవలెను. కన్నడిగుల, తమిళుల, ఒరియాల, మరాఠీల నడుమ బ్రదుకు మనకు ఈ రెండవ పాఠము మొదటిదానికంటె తక్కువ అవసరమైనది కాదు.