వహాకా కొండల్లో మెరిసే నల్లకుండ

మెక్సికో దక్షిణాన కొండల నడుమ ఉన్న వహాకా లోయల్లో రోజుకో ఊరి సంత. శుక్రవారం ఒకోత్లాన్, ఆదివారం త్లకొలూలా. మన ఏజెన్సీ వారపు సంతల్లాగే చుట్టుపక్కల వాళ్లు సరుకు మోసుకుని దిగివస్తారు. ఊరికో విద్య: తెవొతిత్లాన్‌లో ఉన్ని తివాచీలు, కొయొతెపెక్‌లో నల్లమట్టి పాత్రలు. కొనడానికొచ్చే పరదేశీయులు చాలామంది అనాదిగా మారని ఆదివాసీ కళ కోసం వెతుకుతారు. ఆ వెతుకులాట ఈ ఊళ్ల చరిత్రకు పొసగదు. ఇక్కడి విద్యలు మారుతూనే బతికాయి. ఆ మార్పు పగ్గాలు పనివాళ్ల చేతిలో ఉన్నంతకాలం బాగా బతికాయి.

కొయొతెపెక్ కుండనే చూడండి. మన కుమ్మరిసారె లాంటిది అక్కడ లేదు. బోర్లించిన పళ్లెం మీద మరో పళ్లెం పెట్టి, దాన్ని చేత్తో తిప్పుతూ మట్టిని పైకి లేపుతారు. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. కానీ దుకాణాల్లో తళతళలాడే నలుపు 1950ల నాటిది. అంతకుముందు ఈ కుండలు మెరుపు లేకుండా, బూడిదరంగులో, గట్టిగా ఉండేవి. నీళ్లకూ, మెస్కాల్ సారాకూ వాడేవారు. ఆ ఊరి కుమ్మరి దోన్యా రోసా, కుండ పూర్తిగా ఆరకముందే స్ఫటికపు రాయితో రుద్ది, ఆవంలో తక్కువ వేడి మీద కాలిస్తే మెరుస్తుందని కనిపెట్టింది. అలా కాల్చిన కుండలో నీళ్లు నిలవవు. అయినా లోహపు, ప్లాస్టిక్ పాత్రలు వచ్చి నీటికుండకు గిరాకీ పోతున్న కాలంలో ఊరి ఆవాలు చల్లారకుండా చూసింది ఆ మెరుపే. దాన్ని కల్తీ అనడానికి నాకు మనసొప్పదు.

తెవొతిత్లాన్ కథ ఇంకా చిక్కనిది. ఈ ఊరి ఆదివాసులైన జాపొతెక్‌లు నడుముకు కట్టుకునే మగ్గం మీద పత్తిబట్ట నేసేవారు. గొర్రె ఉన్ని, కాలితో తొక్కే మగ్గం 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లతో వచ్చాయి. ఎరుపు మాత్రం స్థానికం. నాగజెముడు మట్టల మీద బతికే కొచినీల్ ఆడపురుగుల్ని ఏరి, ఎండబెట్టి, రాతి మీద నూరుతారు; ఆ రంగులో నిమ్మరసం పిండితే నారింజ ఛాయ, సోడా కలిపితే ఊదా. కిలో పొడికి లక్షకు పైగా పురుగులు కావాలి. వలసపాలనలో మెక్సికో ఎగుమతుల్లో వెండి తర్వాతి స్థానం దీనిదే. 1780లలో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ ఈ రంగును ఇక్కడే తీయించాలని పట్టుబట్టాడు. కంపెనీ ఎంత ఆశపడ్డా వహాకా ఎరుపుకు సాటివచ్చే సరుకు మన నేల మీద తయారవలేదు. మేలుజాతి పురుగును తరతరాలుగా ఎంచి, వానకూ చలికీ చావకుండా సాకిన మెలకువ ఆ కొండజనానిది.

అన్నీ మారవచ్చంటే ఇక యంత్రంతో చేసిన నకలునూ ఒప్పుకోవాలా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ చూడాల్సింది యంత్రమా చెయ్యా అని కాదు, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయని. 1970ల నుంచి అమెరికా దిగుమతిదారులు నవాహో తెగ నమూనాలు ఇచ్చి తెవొతిత్లాన్‌లో నేయించుకున్నారు. మగ్గం అదే, చేతులూ అవే. నమూనా, ధర మాత్రం వ్యాపారివి. సొంత మగ్గం మీదే నేతగాడు కూలివాడయ్యాడు. దోన్యా రోసా తెచ్చిన మార్పునూ దీన్నీ ఒకే గాటన కట్టలేం. తర్వాత అక్కడి స్త్రీలు సంఘాలు కట్టి నేరుగా అమ్ముకోవడం మొదలుపెట్టింది ఈ దళారీ పట్టు వదిలించుకోవడానికే.

మగ్గాన్ని అరువు తెచ్చుకున్నవాళ్లు తమ నమూనాలను ఇతరులు వాడితే ఎందుకు అభ్యంతరపెట్టాలి? ఈ వాదన 2015లో పైకి వచ్చింది. పారిస్ డిజైనర్ ఇసబెల్ మారాన్ అమ్మకానికి పెట్టిన రవికె, ఉత్తర కొండల్లోని త్లహుయితోల్తెపెక్ ఊరి మిహే తెగ స్త్రీల కుట్టుపనిని పోలి ఉందని ఊరివాళ్లు నిలదీశారు. మగ్గం వహాకాకు వచ్చాక కూడా స్పెయిన్‌లో నేతగాళ్లు తమ పని తాము చేసుకున్నారు. వాళ్ల పేరూ పోలేదు, బేరమూ పోలేదు. రవికె విషయంలో పేరు, బేరం రెండూ పారిస్‌కే చేరాయి, కుట్టిన ఊరికి ఏమీ దక్కలేదు. 2022 జనవరిలో మెక్సికో తెచ్చిన చట్టం ఇలాంటి నమూనాల మీద హక్కు ఆదివాసీ సముదాయానిదేననీ, వ్యాపారానికి వాడాలంటే వాళ్ల అనుమతి తీసుకోవాలనీ అంటుంది. ఆ అనుమతి మీద ఎవరు సంతకం పెట్టాలన్న తగవు ఊళ్లలో రాక మానదు. త్లహుయితోల్తెపెక్‌లో అలాంటి తగవులు తేల్చే గ్రామసభ చట్టానికి ముందు నుంచే ఉంది.