గుర్రం కొనగలం, సాహిణిని ఎక్కడ తెస్తాం?

మన వ్యాసర్పాడి పిల్లలు కొందరు ఈ సెలవుల్లో గుర్రపు స్వారీ నేర్చుకుంటామని పట్టుబడుతున్నారు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు వైపు నేర్పే చోట్లు ఉన్నాయి. ఎవరిని నమ్మి పిల్లల్ని పంపాలని తల్లిదండ్రులు సంఘంలో అడిగారు. ఫలానా చోటికి వెళ్ళండని మేం చెప్పం. కానీ ఇది కొత్త ప్రశ్న కాదు. మన తీరాన్ని ఏలిన రాజులు కూడా సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నారు. ఆ చరిత్ర తెలిస్తే జవాబు మీకే దొరుకుతుంది.

మేలుజాతి గుర్రాలు మనకు అరేబియా నుంచి, పారశీక తీరంలోని హొర్ముజు నుంచి ఓడల్లో వచ్చేవి. 1290ల ప్రాంతంలో ఇటు వచ్చిన మార్కో పోలో ఆ వ్యాపారం గురించి వివరంగా రాశాడు. మోటుపల్లి గురించి, అక్కడి రాజ్యాన్ని న్యాయంగా ఏలిన రాణి గురించి రాసింది కూడా ఆయనే. ఆ రాణి మన రుద్రమదేవే అని చరిత్రకారులు అంటారు. తమిళ తీరంలో ఐదుగురు అన్నదమ్ములైన రాజులు ఒక్కొక్కరు ఏటా 2,000 గుర్రాలు కొనేవారట. ఏడాది తిరిగేసరికి వాటిలో 100 కూడా మిగిలేవి కావట!

కారణం కూడా ఆయనే చెప్పాడు. గుర్రాన్ని చూసుకోవడం తెలిసిన మనిషి ఇక్కడ లేడు. వండిన అన్నం, మాంసం మేతగా పెట్టేవారట. పైగా గుర్రపు వైద్యం తెలిసినవాళ్ళను వ్యాపారులు ఇక్కడికి రానిచ్చేవారు కాదట. గుర్రాలు చస్తుంటేనే కదా మళ్ళీ కొంటారు! వ్యాపారుల లెక్కలు పెద్దవి చేసి రాశాడనుకున్నా, అసలు సంగతి మాత్రం స్పష్టం. డబ్బు గుర్రాన్ని తెచ్చింది గానీ దాన్ని బతికించలేదు.

రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ దాహం తగ్గలేదు. చంద్రగిరి నుంచి ఎదిగి 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహరాయలు గుర్రాలను బతికున్నా చచ్చినా కొనేవాడని నూనిజ్ రాశాడు. సముద్రంలో చచ్చినదాని తోక తెచ్చి చూపితే చాలు, బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడట. ఈ నూనిజ్ కూడా గుర్రాల వ్యాపారే. తన కాలంలో రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడనీ రాశాడు.

మరి మనవాళ్ళకు గుర్రపు విద్య తెలియదా? తెలుసు. తెలిసినవాడికి మన భాషలో ఒక పేరే ఉంది: సాహిణి. కాకతి గణపతిదేవుడి కొలువులో గంగయ సాహిణికి తురగ సాధనిక అనే బిరుదు ఉండేది. అంటే గుర్రాలకు సాధన చేయించేవాడు. ఆ పని చేసిన కాయస్థ వంశమే తర్వాత కడప ప్రాంతాన్ని ఏలింది. గుర్రపు లక్షణాల మీద మనుమంచి భట్టు హయలక్షణ విలాసము అని తెలుగులో ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. సాహిణికి అంత విలువ ఎందుకంటే అలాంటివాడు అరుదు.

గురువును ఎలా ఎంచుకోవాలో ఇంకా ముందే చెప్పినవాడు గ్రీకు దేశపు జెనొఫోన్. రెండువేల మూడువందల ఏళ్ళ కిందటి మనిషి. కొడుకును పనివాడి దగ్గర శిష్యుడిగా చేర్చేటప్పుడు ఏమేం నేర్పాలో ముందే రాసుకున్నట్టు, గుర్రపు పిల్లను శిక్షకుడికి అప్పగించేటప్పుడు కూడా రాసుకోమన్నాడు. కోపంతో గుర్రం దగ్గరికి పోవద్దన్నాడు. బలవంతం మీద చేసిన పనిలో గుర్రానికి అర్థమయ్యేది ఏమీ ఉండదన్నాడు.

మన ఊరి సంగతీ చూడండి. గిండీ పందేలు జూదమా, నైపుణ్యమా అన్న వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు నైపుణ్యమే అని తేల్చింది. శిక్షణతో గుర్రానికి వచ్చే వేగమూ దమ్మూ పందేన్ని నిర్ణయిస్తాయన్నది అందులో ముఖ్యమైన మాట. పొడి చేసిన మార్కో పోలో మాటే ఇది, ఏడు వందల ఏళ్ళ తర్వాత.

కాబట్టి తల్లిదండ్రులకు మా మాట ఇది. ముందు గురువును కాదు, గుర్రాన్ని చూడండి. పక్కటెముకలు తేలాయా, జీను కింద వీపు పుండుపడిందా, మనిషి చెయ్యెత్తితే బెదురుతోందా? తొట్టిలో నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా? పని చెప్పినా చెప్పకపోయినా మేత పెట్టాల్సిందే. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరికే అనలేదు. మేతలో మిగుల్చుకునేవాడు మీ బిడ్డ భద్రతలోనూ మిగుల్చుకుంటాడు.

తర్వాత పాఠం చూడండి. మొదటిరోజే ఎక్కించి పరుగు పెట్టించేవాడు వద్దు. గుర్రాన్ని తోమడం, పట్టుకుని నడిపించడం, దిగడం ముందు నేర్పేవాడు కావాలి. హెల్మెట్ లేకుండా ఎక్కనివ్వనివాడు కావాలి. మూడు నెలల్లో ఏమేం నేర్పుతారో కాగితం మీద రాసివ్వమనండి. అడిగితే విసుక్కునేవాడు, గుర్రం మొండికేస్తే ఇంకెంత విసుక్కుంటాడో ఆలోచించండి.

రాజులకు 2,000 పోతే మళ్ళీ 2,000 కొనుక్కున్నారు. మనకున్నది ఒక్క బిడ్డ, ఇద్దరు బిడ్డలు. చూసి, అడిగి, అప్పుడే పంపండి.