సమాన చిహ్నము



బడిలో లెక్కలు చేయు ప్రతి బాలుడును నిత్యము వ్రాయు సమాన చిహ్నము పుట్టి ఇంకను ఐదువందల యేండ్లు కాలేదు. 1557వ సంవత్సరమున రాబర్టు రికార్డు అను వేల్సు దేశపు వైద్యుడు తన బీజగణిత గ్రంథమున “సమానము” అను మాటను మరల మరల వ్రాయు శ్రమ తప్పించుకొనుటకై రెండు సమాంతర రేఖలను గీచెను. వానికంటె సమానములైన వస్తువులు రెండు లోకమున లేవని ఆయన చెప్పిన కారణము. మరుసటి యేడే ఆయన లండను కారాగారమున మరణించెను. కూడిక, తీసివేతల గుర్తులు అంతకుమున్నే, 1489లో, విద్మన్ అను జర్మను పండితుని గ్రంథమున అచ్చుపడినవి.

రికార్డు చేతిలో ఆ రెండు గీతలు ఒక్కమాటయే చెప్పినవి: ఇటున్నదియు నటున్నదియు నొకటే. గణనయంత్రములు వచ్చిన పిదప అర్థము మారెను. 1957లో వెలువడిన ఫోర్ట్రాను భాషలో అదే గుర్తు “కుడివైపు విలువను ఎడమవైపు పేరున నుంచుము” అను ఆజ్ఞ యయ్యెను. సమానమా యని అడుగుట వేరు, సమానము చేయుమనుట వేరు గదా! ఆల్గాల్ భాషాకర్తలు ఆజ్ఞకు ముందు రెండు చుక్కలు చేర్చి యీ చిక్కు తొలగింపజూచిరి. కాని తరువాతి సి భాష ఆజ్ఞకు ఒంటి గుర్తునే యుంచి, ప్రశ్నకు జంట గుర్తు పెట్టెను. 1995లో బ్రెండన్ ఐక్ పది దినములలో తొలిరూపము కల్పించిన జావాస్క్రిప్టు ఆ త్రోవనే పట్టినది. అందు జంట గుర్తు మరీ ఉదారమైనది. అంకెగా నున్న ఐదును, అక్షరముగా వ్రాసిన ఐదును ఒకటే యనును. అందుచే 1999 నాటి ప్రమాణమున, రకమునుకూడ పరీక్షించు ముప్పేట గుర్తు చేరినది.

ఈ భేదము నాకు దెబ్బతిన్న పిమ్మట తెలిసినది. మా యూరి పొదుపు సంఘపు అప్పుల చిట్టాను జావాస్క్రిప్టులో వ్రాయుచు, “బాకీ సున్నకు సమానమైనచో చెల్లుచీటి యిమ్ము” అనబోయి ఒంటి గుర్తు పెట్టితిని. యంత్రము అడుగలేదు, అందరి బాకీలను సున్న చేసినది. ఆ భాషలో సున్న యనగా “కాదు” అని లెక్క గనుక చెల్లుచీటి యొక్కటియు రాలేదు. అప్పు పోయినది, రసీదు లేదు! మా పెదనాన్నగారు చేతివ్రాత చిట్టాను పెట్టెలో దాచియుండుటచే, మూడు రాత్రులు కూర్చుండి పేరుపేరున సరిచేసితిమి. నేటికిని ఆ గుర్తు వ్రాసినప్పుడెల్ల గీతలను వ్రేలితో లెక్కించుకొందును.