ఈసీ వాగూ, పది కిలోమీటర్ల గీతా

మొన్న లంచ్ టేబుల్ దగ్గర మా టీమ్‌లో ఒకతను ఫోన్‌లో లేఅవుట్ ఫొటో చూపించాడు. "అన్నా, మీది షాద్‌నగరే కదా! కొత్తూరు దగ్గర ఫామ్ ప్లాట్ అంట, తీసుకోవచ్చా?" అని.

"నూట పదకొండులో ఉందా?" అన్నాను.

"అది ఎత్తేశారు కదన్నా!"

ఎత్తేశారో లేదో తర్వాత, ముందు అసలు ఎందుకొచ్చిందో విను అన్నాను. అతనికి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

కథ 1908 సెప్టెంబర్ 28న మొదలైంది. ఆ రోజు మూసీ పొంగి హైదరాబాదులో పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన ముందు నగరం పైనున్న చెరువుల లెక్క తీశారు. మొత్తం 788, వాటిలో 221 తెగిపోయాయి. అంటే నగరం మునిగింది అక్కడ పడ్డ వానకి మాత్రమే కాదు, ఎగువన మా వైపు పడ్డ వానకి కూడా అన్నమాట. ఆయన సలహాతోనే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), షాబాద్, కొత్తూరు వైపు నుంచి వచ్చే ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. వరద ఆగింది, తాగడానికి నీళ్లూ వచ్చాయి.

గోడలైతే కట్టారు గానీ, వాటి వెనకాల భూముల్లో ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో అప్పుడు పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. అక్కడున్నవి పొలాలే కదా! నగరం పెరిగి ఎగువకి వచ్చాక ఆ అవసరం పడింది. 1996 మార్చి 8న జీఓ 111 వచ్చింది. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల దాకా కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దంది. తొంభై శాతం భూమి వ్యవసాయం, పచ్చదనం లాంటి వాటికే ఉంచాలంది. ఏడు మండలాలు, 84 ఊళ్లు. అందులో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఉన్నది మా పక్క కొత్తూరు మండలం ఒక్కటే. (2016లో మేమూ రంగారెడ్డిలోకి వచ్చేశాం.)

ఈ రూల్‌కి అసలు పరీక్ష పెద్దషాపూర్‌లో ఎదురైంది. షాద్‌నగర్ నుంచి శంషాబాద్ వెళ్లే దారిలోనే ఆ ఊరు. అక్కడ ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెడతామంటే కాలుష్య నియంత్రణ మండలి వద్దంది. ప్రభుత్వమేమో తన జీఓకి తనే మినహాయింపు ఇచ్చింది! కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. హాని లేదని నిరూపించాల్సింది కట్టేవాడే అని 1999 జనవరిలో కోర్టు చెప్పింది, 2000 డిసెంబర్‌లో ఆ మినహాయింపుని కొట్టేసింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మా మేనమామకి ఆ గీత లోపల మూడెకరాలుంది. గీత అవతలివాళ్లు అమ్ముకుని పిల్లల పెళ్లిళ్లు చేశారు. మామ మాత్రం "పట్నపోళ్ల నీళ్లకు మా భూమి తాకట్టు పెట్టిండ్రు" అంటాడు. నా దగ్గర జవాబు లేదు. రూల్ తప్పని నేననను. కానీ లాభం దిగువకీ, ఖర్చు ఎగువకీ పంచిన రూల్ అది. ఆ ఖర్చు నగరం పంచుకుని ఉంటే, ఎత్తేస్తామనగానే ఊళ్లలో అంత సంబరం ఉండేది కాదేమో.

2022 ఏప్రిల్‌లో జీఓ 69తో ఆ ఆంక్షలు సడలించారు. 2023 మేలో పూర్తిగా రద్దు చేస్తామని మంత్రివర్గం ప్రకటించింది. నగరం ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతోంది కదా అన్నది వాదన. తాగే నీళ్ల వరకూ ఒప్పుకుందాం. మరి వరదో? 2025 సెప్టెంబర్ చివర్లో జలాశయాల గేట్లెత్తితే మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చేసింది. 1908 తర్వాత 117 ఏళ్లకి, దాదాపు అదే తేదీల్లో! పొలం కొంత వాన తాగుతుంది. కాంక్రీటు తాగదు, మొత్తం కిందకి పంపిస్తుంది.

మావాడు అంతా విని, "ఇంతకీ తీసుకోవాలా వద్దా అన్నా?" అన్నాడు.

బ్రోచర్ పక్కన పెట్టి, గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్లి చూసి రమ్మన్నాను. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో అక్కడి రైతునే అడగమన్నాను. ఇంకా వెళ్లలేదు. వాన కోసం చూస్తున్నాడట.