పిల్లాజెల్లలతో దూరప్రయాణము: ఎడ్లబండి నుండి మోటారు వరకు

ధర్మసాగర్ పేరు వినగానే ఈనాటి పాఠకులకు దేవాదుల ఎత్తిపోతల పథకము, గోదావరి నుండి అచటి జలాశయమునకు చేరు నీరు జ్ఞప్తికి వచ్చును. అయితే హనుమకొండ జిల్లాలోని ఈ గ్రామమునకును, చుట్టుపట్ల పల్లెలకును గోదావరి దిశగా పోవు మరియొక పాతబాట కలదు. రెండేండ్లకొకసారి మాఘ పౌర్ణమి దినములలో జరుగు మేడారము సమ్మక్క సారలమ్మ జాతరకు కుటుంబములు పిల్లాజెల్లలతో సాగిపోవు బాట అది. దూరము నూరు కిలోమీటర్లకు పైమాట. ఆ బాటపై బండ్లు మారినవి, వేగము మారినది, కాని బండిలో పసిబిడ్డ స్థానము మాత్రము తల్లి ఒడిగానే చాలకాలము నిలిచిపోయినది. వేగమునకును ఈ అలవాటునకును నడుమ ఏర్పడిన ఎడమును గూర్చి తెలిసికొనుట అవసరము.

బండిపై నాలుగు దినములు

ఎడ్లబండి నడక గంటకు సుమారు 4 కిలోమీటర్లు. దినమునకు ఏడు గంటలు నడచినను 28 కిలోమీటర్లకు మించదు. ఈ లెక్కన 110 కిలోమీటర్ల దూరమునకు నాలుగు దినములు పట్టును. కావున నాటి ప్రయాణమనగా కొద్దిదినముల కాపురమే. బండిపై వెదురు తడక వంచి కప్పు వేసెడివారు. బియ్యము, పప్పు, వంటపాత్రలు, పొయ్యిలోనికి పుల్లలు అన్నియు వెంట ఉండవలసినదే. అడుగున వరిగడ్డి పరచి, దానిపై బొంత వేసి పిల్లలను పరుండబెట్టెడివారు.

ఈ గడ్డిపరుపులో ఒక చక్కని ఉపాయము కలదు. కట్టెచక్రమునకు బిగించిన ఇనుపపట్టా రాతిపై పడిన ప్రతి దెబ్బను ఇరుసు ద్వారా బండి పలకలకు చేరవేయును. దానిని మ్రింగివేయుటకు ఆ బండికి స్ప్రింగులు లేవు. గడ్డి నొక్కుకొని, మరల పైకి లేచుచు, దెబ్బ తీవ్రతను తగ్గించెడిది. మజిలీలో అదే గడ్డి ఎడ్లకు మేత అయ్యెడిది. పెద్దపిల్లలు కొంతదూరము బండి వెంట నడచి, అలసినపుడు ఎక్కి కూర్చుండెడివారు. ఇంత మెల్లని బండి నుండి జారిపడిన బిడ్డకు సాధారణముగా మోకాలు దోకుకొనిపోవుటయే. చక్రము క్రింద పడకుండ చూచుకొనిన చాలును.

నాటి అసలు ముప్పు వేగము వలన గాక నీటి వలన కలిగెడిది. జనము వేలాదిగా గుమికూడి, ఒకే వాగునీటిని త్రాగి, అందులోనే స్నానమాడు జాతరలు మన దేశమున కలరా వ్యాపించుటకు తావులై యుండెను. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో పరిశోధనలు జరిపి, కలరాకు కారణము ఒక సూక్ష్మజీవియని నిరూపించెను. 1971లో డాక్టరు దిలీప్ మహలనబిస్ బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో చక్కెర, ఉప్పు కలిపిన నీటితో వేలమంది ప్రాణములు నిలుపవచ్చునని చూపెను. నేడు ప్రయాణపు సంచిలో తల్లులు వేసికొను చిన్న పొట్లము వెనుక ఇంత చరిత్ర కలదు.

1888వ సంవత్సరపు విశేషము

నిజాము రాజ్యమున రైలుమార్గము 1886లో వరంగల్లు చేరినది. 1889లో బెజవాడ వరకు సాగినది. రైలు వచ్చినను పట్టాలు లేని పల్లెలకు బండియే గతి. ఆ సంవత్సరముల నడుమనే, 1888లో, ఐరోపాఖండమున రోడ్డు ప్రయాణ స్వరూపమును మార్చిన రెండు సంఘటనలు జరిగినవి. రెండింటిలోను పిల్లలకు పాత్ర ఉండుట గమనింపదగినది.

మొదటిది జర్మనీలో జరిగినది. మోటారుబండి నిర్మాత కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్, ఆగస్టు నెలలో, భర్తకు చెప్పకయే తన ఇద్దరు కుమారులతో ఆ బండినెక్కి మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైములోని పుట్టినింటికి బయలుదేరెను. పెద్దవాడు ఒయిగెన్‌కు 15 ఏండ్లు, రిచర్డ్‌కు 13 ఏండ్లు. దూరము నూరు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. అనగా ఇంచుమించు హనుమకొండ నుండి మేడారమునకు పోవునంత. ఇంధనము ఒక మందులదుకాణములో కొనవలసి వచ్చెను. ఎత్తు వచ్చినచోట పిల్లలు దిగి బండిని నెట్టిరి. ఇంధనపు గొట్టములో అడ్డుపడిన మలినమును ఆమె తన టోపీసూదితో తొలగించెను. అరిగిపోయిన బ్రేకుకు చర్మకారునిచే తోలు కొట్టించెను. చీకటి పడుసరికి వారు గమ్యము చేరిరి. మోటారుబండిపై దూరప్రయాణమునకు ఇదియే నాంది.

రెండవది బెల్ఫాస్టు నగరములో జరిగినది. అచటి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన చిన్నకుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టమును తొడిగి, 1888లో దానికి పేటెంటు పొందెను. పిల్లవాని సుఖము కొరకు పుట్టిన ఆ టైరు తరువాత మోటార్లకును, మన ఎడ్లబండ్లకును వచ్చినది. పల్లెలలోని టైరుబండ్లు ఆ సంతతివే.

హైదరాబాదు రాజ్యమున నిజాము స్టేటు రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను ప్రారంభించెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. క్రమముగా నాలుగు దినముల బాట కొద్దిగంటల బాటయైనది. మేడారము జాతరను 1996లో రాష్ట్రపండుగగా ప్రకటించిరి.

ఒడి ఎందుకు చాలదు?

గంటకు 4 కిలోమీటర్ల బండికి బదులు 60 కిలోమీటర్ల కారు వచ్చినదనుకొందము. వేగము 15 రెట్లు పెరిగినది. కాని చలనశక్తి వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును గనుక అది 225 రెట్లగును. 60 కిలోమీటర్ల వేగమున దేనినైన ఢీకొనుట, సుమారు 14 మీటర్ల ఎత్తు, అనగా నాలుగంతస్తుల మేడపై నుండి నేలపై పడుటతో సమానము.

ఆ కారు సెకనులో పదవవంతు కాలమున ఆగిపోయినచో, ఒడిలోని 10 కిలోల బిడ్డను ఆపుటకు సుమారు 170 కిలోల బరువును ఎత్తునంత బలము కావలెను. ఏ తల్లి చేతులకును అది సాధ్యము కాదు. ఇది ప్రేమకు సంబంధించిన లోపము కాదు, గతిశాస్త్ర నియమము. ఈ లెక్కకు ట్రాక్టరు ట్రాలీయును లోబడినదే. చూపునకు అది పెద్ద బండివలె ఉండును. అందులోను గడ్డి పరచి పిల్లలను కూర్చుండబెట్టుదురు. కాని గంటకు 30 కిలోమీటర్ల వేగమున దాని చలనశక్తి ఎడ్లబండి వేగము నాటికంటె 50 రెట్లకు మించును. సరకు కొరకు చేసిన ట్రాలీలో మనుష్యులను పట్టి ఉంచు సాధన మేదియు లేదు.

1959లో వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ మూడుచోట్ల బిగియు సీటుబెల్టును రూపొందించెను. అది పెద్దవారి కొలతకు చేసినది. పసిబిడ్డకు తల పెద్దది, మెడ బలహీనము. వ్యోమగాములు వెల్లకిల పడుకొని కుదుపును వీపు మొత్తముపై భరించుటను గమనించిన స్వీడన్ వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్, 1960లలో బిడ్డను బండి వెనుకవైపునకు ముఖము పెట్టి కూర్చుండబెట్టు ఆసనమును రూపొందించెను.

మన దేశమున 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ ప్రకారము, 14 ఏండ్లలోపు పిల్లలకు సీటుబెల్టుగాని తగిన ఆసనముగాని లేకుండ బండి నడిపినచో 1,000 రూపాయల జరిమానా కలదు. నాలుగేండ్లలోపు బిడ్డను మోటారుసైకిలుపై తీసికొనిపోవునపుడు హెల్మెటు, నడిపెడివానికి బిడ్డను కట్టియుంచు పట్టీ తప్పనిసరి యని, వేగము 40 కిలోమీటర్లు మించరాదని మరియొక నియమము 2023 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చినది.

దారిలో వాంతులు

బండినాడు అంతగా కానరాని మరియొక చిక్కు దారిలో కలుగు వికారము. చెవి లోపలి అర్ధవృత్తాకార నాళములు శరీరపు కదలికను మెదడునకు తెలుపును. పుస్తకమునో ఫోనునో చూచుచున్న బిడ్డ కన్నులు మాత్రము కదలిక లేదని చెప్పును. ఈ రెండు వార్తల వైరుధ్యమే వికారమునకు కారణము. రెండేండ్లలోపు బిడ్డలకు ఇది అరుదు. బడియీడు పిల్లలలో ఎక్కువ. దూరమున కనిపించు కొండను, చెట్లను చూపుట, కిటికీ కొంచెము తెరచుట, కడుపునిండ తినిపించి వెంటనే బయలుదేరకుండుట దీనికి తేలిక ఉపాయములు.

ఎడ్లు అలసిపోవును గనుక నాటివారు ప్రతి కొన్ని గంటలకు ఒక చెట్టునీడన ఆగిరి. ఆ విరామమున పిల్లలు ఆడుకొనిరి. పెద్దలు నడుము వాల్చిరి. మోటారునకు అలసట లేదు. కాని దానిని నడుపువానికిని, లోపలి పిల్లలకును కలదు. రెండుగంటలకొకసారి ఆగవలెనను నేటి సలహా మజిలీకి మారుపేరు మాత్రమే. పాతవారి నిదానములో ఆ పాఠమును, కొత్త శాస్త్రములో బిడ్డకొక ప్రత్యేకాసనమును తీసికొనినచో దూరప్రయాణము పిల్లలకు జ్ఞాపకముగా మిగులును. ఇంటికి దుఃఖము తేదు.